గుమాస్తా చిట్టా: బియ్యపు గింజ చెప్పే టైము

గడియారం అనే మాటలోనే గడియ వున్నది. గడియ అంటే 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిపి అరవై గడియలు. గడియకు అరవై విఘడియలు, అంటే విఘడియకు 24 సెకండ్లు. గోడ గడియారాలు రాని రోజుల్లో పెళ్ళి పందిట్లో ముహూర్తం చూడడానికి గంగాళంలో నీళ్ళు పోసి, అడుగున సన్నని బెజ్జం వున్న రాగి గిన్నెను తేలవిడిచేవారు. దానినే గడియకుడుక అనేవారు. గిన్నె నిండి బుడుంగున మునిగితే గడియ అయినట్లు లెక్క. పక్కన కూర్చున్నాయన మునకలు లెక్కపెడుతూ వుంటాడు. ఆయన రెప్ప వాల్చకుండా లెక్కపెట్టవచ్చు గాక, బెజ్జం వెంట్రుకవాసి పెద్దదైతే ముహూర్తం గడియ గడియకూ కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. తప్పు లెక్కలో లేదు, బెజ్జంలో వున్నది. ఈ నెల చిట్టాలో చెప్పబోయే సంగతికి ఇంతకన్న దగ్గరి పోలిక నాకు తోచలేదు.

మన పత్రిక వెళ్ళే ఇళ్ళలో ఆఫీసుకో కార్ఖానాకో వెళ్ళేవారు ఒకరైనా వుంటారు. హాజరు పుస్తకంలో సంతకాలు చేయడం చాలా చోట్ల పోయింది. గుమ్మం పక్క గోడకు తగిలించిన పెట్టె మీద వేలు ఆనిస్తే అది కీచుమని మోగి, మన పేరూ వచ్చిన వేళా దాచుకుంటుంది. కరెంటు పోయి మళ్ళీ వచ్చినా దానికి టైము గుర్తుంటుంది. ఎట్లా గుర్తుంటుందంటే, ఆ పెట్టె కడుపులో వేలిగోరంత నల్లని చిప్పు ఒకటి వున్నది. రియల్ టైమ్ క్లాక్ అని దాని పేరు, పనివాళ్ళు ఆర్.టి.సి. అంటారు. కంప్యూటరులోనూ, బడి గంట కొట్టే పెట్టెలోనూ, కరెంటు మీటరులోనూ ఇటువంటిదే వుంటుంది. ఆ చిప్పు పక్కనే బియ్యపు గింజకన్న కొంచెం పొడవైన వెండిరంగు గొట్టం కనిపిస్తుంది. అదే క్రిస్టల్. చిప్పు మునకలు లెక్కపెట్టే పెద్దమనిషి అయితే, క్రిస్టల్ గడియకుడుక.

ఆ గొట్టంలో వున్నది క్వార్ట్జ్ అనే స్ఫటికం. బడిలో సైన్సు మాస్టరు బల్లకేసి కొట్టి చెవి దగ్గర పెట్టే శృతిదండం గుర్తున్నదా? దానినే మిల్లీమీటర్ల లెక్కకు కుదించి స్ఫటికంలో కోసినట్లు, రెండు కాళ్ళతో వుంటుంది లోపలి ముక్క. ఈ స్ఫటికాన్ని నొక్కితే కొంచెం విద్యుత్తు పుడుతుంది. విద్యుత్తు ఇస్తే అది కొంచెం వంగుతుంది. ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనిపెట్టారు. దాని సాయంతో 1927లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో మారిసన్, హార్టన్ అనేవారు మొదటి క్వార్ట్జ్ గడియారం చేశారు. అది చేతికి కట్టుకునేది కాదు సుమండీ, బీరువాలంత సరంజామా. చేతికి వచ్చింది 1969 డిసెంబరు 25న, జపాను సీకో వారి ఆస్ట్రాన్‌తో. అందులోని స్ఫటికం సెకండుకు 8,192 సార్లు వూగేది. ఇప్పుడు మన పెట్టెలో వున్నది 32,768 సార్లు వూగుతుంది.

ఈ అంకె ఏమిటి ఇంత వికారంగా వున్నదని నేను మా మేనల్లుణ్ణి అడిగాను. వాడు ఎలక్ట్రానిక్సులో డిప్లొమా చదివి సొంతంగా చిన్న చిన్న పెట్టెలు కట్టి ఇస్తుంటాడు. "మామయ్యా, సగం చేస్తూ పో" అన్నాడు. చేశాను. 32,768లో సగం 16,384. అందులో సగం 8,192. అట్లా పదిహేను సార్లు సగం చేస్తే మిగిలేది నిఖార్సుగా ఒకటి. సగం చేయడం చిప్పులకు అన్నిటికన్న సులువైన పని. పదిహేను మెట్లు దిగి ఒక దెబ్బ బయటికి వస్తే ఒక సెకండు. అరవై అయితే నిమిషం, ఇట్లా గంట, రోజు, వారం, తారీఖు, నెల, సంవత్సరం దాకా చిప్పే చూచుకుంటుంది. ఫిబ్రవరికి ఎన్ని రోజులో కూడా దానికి తెలుసు. అయితే ఎక్కువ వాడే డి.ఎస్. 1307 అనే చిప్పుకు 2100వ సంవత్సరం వరకే తెలుసు. నూరుతో భాగించబడే 2100కు ఫిబ్రవరి 29 లేదన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. ఆ దిగులు మన మనుమలది.

చిప్పు లెక్క తప్పదు. ఈ ముక్క ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే అసలు తగాదా ఇక్కడే పుడుతుంది. స్ఫటికం సెకండుకు 32,768 సార్లు వూగవలసింది 32,771 సార్లు వూగితే, చిప్పు దానిని నమ్మి సెకండును పొట్టి చేస్తుంది. అది నిజంగా సెకండేనా అని విచారించే తెలివి దానికి లేదు.

ఇక్కడ కొంచెం గుమాస్తా లెక్క చేయనివ్వండి. ఈ పనివాళ్ళు తప్పును పది లక్షలలో ఇన్ని పాళ్ళు అని కొలుస్తారు. రోజుకు 86,400 సెకండ్లు గనుక, పది లక్షలలో ఒక పాలు తప్పితే రోజుకు 0.0864 సెకండు, అంటే పదకొండున్నర రోజులకు ఒక సెకండు. అంగట్లో దొరికే మామూలు క్రిస్టల్ మీద ఇరవై పాళ్ళు అటో ఇటో అని వుంటుంది. వినడానికి ఏమీ లేనట్లున్నది కదూ? రోజుకు 1.7 సెకండ్లు. నెలకు 52 సెకండ్లు. సంవత్సరానికి పది నిమిషాల ముప్ఫై సెకండ్లు! దోషం ఏమీ లేని మంచి సరుకే ఇంత తప్పవచ్చు. అన్నీ ఇంత తప్పుతాయని కాదు. తప్పినా అమ్మినవాణ్ణి అడగడానికి లేదని.

మా నాన్నగారి తరంవారికి ఈ ఇబ్బంది తెలియదు. బెంగుళూరులో 1961లో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజెన్ వారి సహకారంతో చేతి గడియారాలు చేయడం మొదలుపెట్టారు. ఆ గడియారాల కార్ఖానాలను మూయడానికి 2016లో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. ఆ జనతా గడియారం రోజుకు అర నిమిషం తప్పినా తప్పేది. అయినా దానివల్ల ఎవరూ నష్టపోయిన గుర్తు నాకు లేదు. కారణం చిన్నదే. తెల్లవారగానే కీ ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు రేడియోలో వార్తల వేళకు ముల్లు సరిచేయాలి. రోజూ తప్పేది, రోజూ దిద్దుకునేది. ఇప్పటి పెట్టెకు కీ ఇవ్వనక్కరలేదు. అందువల్ల దానిని దిద్దేవాడూ లేడు.

ఇక మా ఆఫీసు సంగతి. 2022 ఫిబ్రవరి 1వ తారీఖున మాకు వేలిముద్ర పెట్టె వచ్చింది. ఆఫీసు పది గంటలకు. పది నిమిషాలు వెసులుబాటు. 10.10 దాటితే లేటు. మూడు లేట్లకు అర రోజు సెలవు కోత. సెలవు లేనివాడికి జీతం కోత. ఆ పట్టిక తయారుచేసేవాణ్ణి నేనే. ఏప్రిల్ నెలలో లేట్లు పెరిగాయి. ఎప్పుడూ ఆలస్యం చేయని అటెండరు ఒకాయన, ఊరి చివరనుంచి రెండు బస్సులు మారి వచ్చే మనిషి, నా బల్ల దగ్గరికి వచ్చి, "ఈ పెట్టె మనకంటె ముందు పరుగెత్తుతున్నది సార్" అన్నాడు. ఆయనకు సెలవులు అప్పటికే అయిపోయాయి. ఆ నెల జీతంలో ఒక రోజు పోయింది. సూపరింటెండెంటుగారితో చెబితే ఆయన కన్నడంలో ఒకే మాట అన్నారు: "యంత్ర సుళ్ళు హేళల్ల రీ." యంత్రం అబద్ధం చెప్పదట.

నిజమే, చెప్పదు. అబద్ధం చెప్పడానికి నిజం తెలిసి వుండాలి కదా.

నేను ఒక చిన్న నోటుబుక్కు పెట్టాను. మే 2వ తారీఖునుంచి ఆఫీసు జరిగిన ప్రతి రోజూ మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు పెట్టె మీది టైమూ, ఫోనులోని టైమూ పక్కపక్కన వ్రాశాను. మన దేశానికి టైము పెట్టేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల; అక్కడి అణుగడియారాలే భారతీయ ప్రామాణిక కాలానికి ఆధారం. వారి వెబ్‌సైటులో టైము కనిపిస్తుంది. ఫోను దానితో సరిపోతున్నదో లేదో కూడా వారానికొకసారి చూచాను. మే 2న పెట్టె 12 నిమిషాల 3 సెకండ్లు ముందున్నది. మే 31న 15 నిమిషాల 55 సెకండ్లు. ఇరవైతొమ్మిది రోజులకు 232 సెకండ్లు, రోజుకు 8 లెక్కన. వెనక్కి లెక్క వేస్తే ఫిబ్రవరి 1న తేడా సున్న. అంటే మే మొదటివారంలో 9.59కి గుమ్మంలో వున్న మనిషి 10.11కి వచ్చినట్లు పడుతున్నది. సాయంత్రం అయిదున్నరకు లేచినవారికి 5.42 అని పడేది. ఆ పన్నెండు నిమిషాలకు ఎవరూ పైసా ఇవ్వలేదు లెండి.

ఆ నోటుబుక్కు మేనల్లుడికి చూపించాను. వాడు పెట్టెను చూడనుకూడా లేదు.

"రోజూ ఒకే ఎనిమిది సెకండ్లా మామయ్యా? వాన పడ్డ రోజూ, ఎండ కాచిన రోజూ?"

"ఒకటే రా. అర సెకండు అటూ ఇటూ."

"అయితే ఇది ఎండ దోషం కాదు. ఎండ వెనక్కి లాగుతుందే గాని ముందుకు తొయ్యదు. పక్క తీగెల గోల అయితే ఒక రోజు అయిదు, ఒక రోజు పన్నెండు, అట్లా వుంటుంది. రోజుకు ఎనిమిదంటే పది లక్షలలో తొంభైమూడు పాళ్ళు. ఒక బరువుకు కోసిన క్రిస్టల్‌కు ఇంకొక బరువు పెట్టారు."

ఈ బరువు సంగతి తెలియక చాలామంది పెట్టెలు కడతారట. అందుకని దానిని నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. క్రిస్టల్ ఒంటరిగా వూగదు. దాని రెండు కాళ్ళకూ చిప్పువైపునుంచి కొంత కెపాసిటర్ల భారం పడుతుంది. క్రిస్టల్‌ను కోసి సానపట్టే కార్ఖానాలో ఫలానా భారం పడితే సరిగ్గా 32,768 సార్లు వూగేటట్లు చేస్తారు. కొన్ని 12.5 పికోఫారడ్ల భారానికి, కొన్ని 6కు, కొన్ని 7కు, 9కి. చూడడానికి అన్నీ ఒకటే గొట్టం. భారం ఎక్కువైతే నిదానిస్తుంది, తక్కువైతే తొందరపడుతుంది. పెళ్ళిలో పల్లకీ మోసేవాళ్ళను తలచుకోండి. బరువుకు తగ్గట్టు అలవాటైన అడుగు వేస్తారు. లోపల పెళ్ళికూతురు లేకపోతే అడుగు పెరుగుతుంది. 12.5కు కోసిన క్రిస్టల్‌ను 6 మాత్రమే ఇచ్చే చిప్పుకు తగిలిస్తే రమారమి నూరు పాళ్ళు తొందరపడుతుంది. నెలకు మూడు నాలుగు నిమిషాలన్నమాట. మా పెట్టె లెక్క అచ్చంగా అదే.

నేను ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల లేట్లన్నిటికీ ఆ ఆ రోజు తేడా తీసివేసి మళ్ళీ పట్టిక వేశాను. నలభైయొక్క లేట్లలో ఇరవైతొమ్మిది లేట్లు కావు. మేనేజరుగారు అంకె చూపితే ఒప్పుకునే మనిషి. కోసిన అర రోజులు తిరిగి వచ్చాయి. ఆ అటెండరుకు జీతపు బాకీ జూలైలో ముట్టింది. పెట్టె అమ్మినవారి మనిషి వచ్చి లోపలి బోర్డు మార్చి, ఏమీ చెప్పకుండా వెళ్ళాడు. ఆయనను అడిగినా ఆయనకూ తెలిసివుండదు.

ఆ తరువాత మన సంఘం వారి సాయంకాలపు తెలుగు బడికి గంట కొట్టే పెట్టె కావలసివస్తే మేనల్లుడికి అప్పగించారు. వాడు కడుతుంటే పక్కన కూర్చుని నేను చూచినవి ఇవి. మన పిల్లల్లో ఇటువంటి పనులు చేసేవారు చాలామంది వున్నారు గనుక కొంచెం వివరంగానే వ్రాస్తున్నాను.

చిప్పు డి.ఎస్. 1307. డల్లాస్ సెమీకండక్టర్ వారు తెచ్చినది, ఎనిమిది కాళ్ళది. దానికి 12.5 పికోఫారడ్ల క్రిస్టల్ కావాలని డేటా షీటులో వ్రాసివున్నది. మేము బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి అడిగితే, నాలుగు అంగళ్ళలో క్రిస్టల్ వున్నది గాని దాని భారమెంతో చెప్పగలిగినవాడు లేడు. అయిదవ అంగట్లో కంపెనీ చీటీ అంటించిన సంచితో ఇచ్చారు. చీటీ లేని క్రిస్టల్‌ను వాడు రూపాయికి ఇచ్చినా కొననన్నాడు. ఈ చిప్పులో భారపు కెపాసిటర్లు లోపలే వున్నాయి. బయట ఇంకో రెండు పెడితే భారం ఎక్కువై గడియారం నిదానిస్తుంది. కెపాసిటర్లు బయట పెట్టవలసిన చిప్పులు వేరే వున్నాయి. అక్కడ రెండు సమానమైనవి పెడితే కలిసి సగమే లెక్కకు వస్తాయి. చెరొక 18 పెడితే 9. బోర్డు మీది రాగి గీతలూ చిప్పు కాళ్ళూ కలిసి మూడున్నర ఇస్తే 12.5 అవుతుంది. ఈ మూడున్నర బోర్డు బోర్డుకూ మారుతుంది. కాబట్టి కాగితం మీది లెక్క మొదటి అడుగేగాని చివరిది కాదు.

క్రిస్టల్‌ను చిప్పుకు ఆనుకునేటట్లు పెట్టాడు. గీతలు పొడుగైతే రెండు చెరుపులు: రాగి పెరిగి భారం పెరుగుతుంది, పైగా ఆ గీత ఏరియల్‌లాగా పనిచేసి పక్కనున్న తీగెల చప్పుడు పట్టుకుంటుంది. ఆ చప్పుడును చిప్పు ఊగుగా లెక్కపెట్టిందంటే గడియారం ముందుకు దూకుతుంది. క్రిస్టల్ కిందుగా ఏ గీతా పోనివ్వలేదు. చుట్టూ నేలకు కలిపిన రాగి గీత ఒకటి ప్రాకారంలాగా తిప్పాడు. గంట కొట్టే రిలేను పెట్టెలో ఆ చివర పెట్టాడు. టంకం వేసిన తరువాత అంటుకున్న ఫ్లక్సును స్పిరిటుతో కడిగి ఆరబెట్టాడు. ఇది శుభ్రత కోసమే అనుకున్నాను. కాదట. స్ఫటికాన్ని వూపే విద్యుత్తు ఎంత పలుచనిదంటే, ఫ్లక్సు మీద వానాకాలపు చెమ్మ చేరితే అందులోగుండా కారిపోయి గడియారం ఆగినా ఆగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మన వాళ్ళు ఈ సంగతి మరీ గమనించాలి.

ఎండ సంగతి కూడా ఊరినిబట్టే. ఈ క్రిస్టల్‌కు 25 డిగ్రీలంటే ఇష్టం. అక్కడినుంచి వేడి పెరిగినా, చలి పెరిగినా నిదానిస్తుందేగాని తొందరపడదు. అదీ దూరపు వర్గం లెక్కన: అయిదు డిగ్రీలు జరిగితే పది లక్షలలో ఒక పాలు లేదు, ఇరవై జరిగితే పధ్నాలుగు, ముప్ఫైఅయిదు జరిగితే నలభైమూడు. బెంగుళూరులో గది లోపలి పెట్టెకు ఇది లెక్కలోనిది కాదు. బరంపురంలోనో యానాంలోనో పడమటి గోడకు తగిలించిన ఇనుప పెట్టె వేసవి మధ్యాహ్నం అరవై డిగ్రీలకు చేరిందంటే, ఆ వేడి నిలిచినంతసేపూ రోజుకు మూడున్నర సెకండ్ల చొప్పున వెనుకబడుతుంది. నీడవైపు తగిలించడానికి ఖర్చేమీ లేదు.

కరెంటు పోయినప్పుడు చిప్పును బ్రతికించేది 2032 అనే బటన్ సెల్. బ్యాటరీ మీద ఈ చిప్పు తాగేది ఆంపియరులో ఇరవై లక్షల భాగంలో ఒక వంతుకు మించదు. అందువల్ల సెల్లు ఏళ్ళ తరబడి వస్తుంది. అంగళ్ళలో దొరికే కొన్ని చౌక బోర్డులలో సెల్లును చార్జి చేసే తీగె కూడా వుంటుంది. చార్జి చేయకూడని మామూలు సెల్లు అందులో వేస్తే అది ఉబ్బి చెడుతుంది, ఒక్కొక్కప్పుడు పగులుతుంది. ఆ తీగెలోని రెసిస్టరును తీసివేయడం మంచిది. ఇంట్లో చంటిపిల్లలున్న తల్లులకు ఒక మాట: బటన్ సెల్లును పిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల లోపలే కాల్చివేస్తుంది. మింగినట్లు అనుమానం వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి. బొమ్మలలో, రిమోట్లలో వుండేవీ ఇవే.

ప్రోగ్రాము వ్రాయడం నా బుర్రకు అందని పని. అయినా వాడు చెప్పిన మూడు సంగతులు జీతాల పట్టికకు సంబంధించినవి గనుక గుర్తు పెట్టుకున్నాను. కొత్తవాళ్ళు వ్రాసే ప్రోగ్రాములో కరెంటు వచ్చినప్పుడల్లా మొదట పెట్టిన టైమే మళ్ళీ చిప్పుకు ఎక్కించే వరుస మిగిలిపోతుందట. బ్యాటరీ వుండీ లాభం లేదు. రెండవది, చిప్పు అంకెలను పదులూ ఒకట్లూ విడివిడిగా దాస్తుంది. ఆ సంగతి తెలియని ప్రోగ్రాము 59ని 89 అని చదువుతుంది. ఇది వెంటనే బయటపడుతుంది గనుక భయం లేదు. మూడవదే చెడ్డది. గంటనూ నిమిషాన్నీ వేరువేరుగా అడగకూడదు. 9.59 ముగియబోతుండగా ముందు నిమిషం అడిగితే 59 అంటుంది. అంతలో గంట మారి, గంట అడిగితే 10 అంటుంది. మనిషి 10.59కి వచ్చినట్లు పడుతుంది! అన్నీ ఒకే వూపులో అడిగితే ఈ చిప్పు ఆ క్షణపు నకలు తీసి ఇస్తుంది. సరిగ్గా పది కొట్టేవేళకు వచ్చేవారే ఆఫీసులో ఎక్కువ కదా.

కట్టడం అయిన తరువాత కొలవడం. క్రిస్టల్ కాళ్ళకు కొలిచే తీగెలు ఆనించరాదు. ఆ తీగెల భారమే దాని నడక మారుస్తుంది. చిప్పులో సెకండుకొక దెబ్బ బయటికిచ్చే కాలు వేరే వున్నది, దానిని కొలవాలి. కొలిచే పరికరాలు లేనివారు నా నోటుబుక్కు పద్ధతి వాడవచ్చు. పది రోజుల ఎడంగా రెండు సార్లు చూచి, సెకండు తేడాకు పట్టుకోగలిగితే పది లక్షలలో ఒక పాలు తెలిసినట్లే. మా పెట్టె పది రోజులకు 9 సెకండ్లు వెనుకబడింది. పది పాళ్ళకు కొంచెం ఎక్కువ. తేడా నిలకడగా వున్నది గనుక మూడు రోజులకొకసారి రెండు మూడు సెకండ్లు కలిపే వరుస ప్రోగ్రాములో పెట్టాడు. స్ఫటికం కొత్తలో సంవత్సరానికి రెండు మూడు పాళ్ళు తనంతట తానే మారుతుంది. ఆ దిద్దుబాటూ శాశ్వతం కాదు.

ఇంత తంటా ఎందుకు, తప్పని చిప్పు లేదా అంటే వున్నది. డి.ఎస్. 3231 అనే దానిలో క్రిస్టల్ లోపలే వున్నది. కార్ఖానాలోనే జత కుదిర్చి మూతవేస్తారు. అది 64 సెకండ్లకొకసారి తన ఒంటి వేడిని తానే చూచుకుని, భారాన్ని కొంచెం పెంచీ తగ్గించీ నడక సరిచేసుకుంటుంది. సున్న నుంచి నలభై డిగ్రీల దాకా పది లక్షలలో రెండు పాళ్ళు, అంటే సంవత్సరానికి ఒక నిమిషం. ధర ఎక్కువ. పిల్లల బడి గంటకు అక్కరలేదని మేనల్లుడి అభిప్రాయం, నాదీ అదే. కాని మనుషుల జీతం కోసే పెట్టెలో ఇంతకు తక్కువది పెట్టడం న్యాయం కాదని నేను అంటాను. పెట్టెలు కొనే కమిటీలలో మన వాళ్ళు వుంటే అమ్మేవాణ్ణి మూడు ప్రశ్నలు అడగండి: నెలకు ఎన్ని సెకండ్లు తప్పుతుంది, దానిని ఢిల్లీ టైముతో ఎవరు, ఎన్నాళ్ళకొకసారి సరిచేస్తారు, సరిచేసిన సంగతి ఎక్కడ వ్రాస్తారు. మా ఆఫీసులో ఇప్పుడు ప్రతి నెలా మొదటి పనిరోజున తేడా చూచి, లేట్ల పట్టిక తలమీదనే వ్రాస్తున్నాను. పట్టిక కింద మేనేజరుగారి సంతకం, పైన గడియారపు తేడా.

బడి గంట పెట్టె మూత తీసి లోపల చూడదలచినవారు ఏ ఆదివారమైనా సాయంకాలం సంఘం హాలుకు రావచ్చు. స్క్రూ డ్రైవరు మాత్రం మేనల్లుడి దగ్గరే వున్నది.